తోలు బూట్లు: కొనడం, కాలికి అలవాటు చేయడం, ఏళ్ళ తరబడి కాపాడుకోవడం

ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ నుంచి కేదార్‌కంఠ శిఖరం దారి పట్టిన రెండో రోజు ఉదయం నా కుడి బూటు అడుగు ఊడిపోయింది. రాయికి తగిలి కాదు, బురదలో ఇరుక్కుని కాదు. గుడారం ముందు లేసు కట్టుకుని నాలుగు అడుగులు వేశానో లేదో, మడమ దగ్గర రబ్బరు నోరు తెరిచింది. వేలు పెట్టి చూస్తే మధ్య పొర పాత మైసూర్‌పాకులా పొడిపొడిగా రాలింది. పైన తోలు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. ఆ బూట్లు వేసుకుని నేను నడిచింది పది పన్నెండు సార్లే. మిగతా ఆరేళ్ళూ అవి విశాఖపట్నంలో మా ఇంటి అటక మీద, ప్లాస్టిక్ సంచిలో, భద్రంగా ఉన్నాయి. ఆ భద్రతే వాటిని తినేసింది. బూటును తాడుతో పాదానికి కట్టుకుని వెనక్కి దిగి వచ్చాను.

తోలు బూట్ల మీద చలి దేశాల వాళ్ళు రాసే సలహాలు మంచు చుట్టూ, ఎడతెగని సన్నటి వాన చుట్టూ తిరుగుతాయి. మన ఇబ్బంది వేరు. సముద్రపు తేమ, నలభై డిగ్రీల ఎండ, రెండు ప్రయాణాల మధ్య నెలల తరబడి వాడకుండా ఉంచేయడం. మన దగ్గర బూట్లు కొండ మీద కంటే అటక మీదే ఎక్కువగా పాడవుతాయని నా నమ్మకం. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని రాసిందే.

అసలు తోలు బూట్లు అవసరమా

పొద్దున్నే పార్కులో నడవడానికి అక్కర్లేదు. అనంతగిరి కొండల్లో ఒక పూట తిరిగి రావడానికీ అక్కర్లేదు, తేలికపాటి గుడ్డ బూట్లు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మైదానంలో తోలు బూట్లతో నడిస్తే పాదాలు ఉడికిపోతాయి. జత బరువు 1.2 నుంచి 1.6 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువును ప్రతి అడుగులోనూ ఎత్తాలి.

తోలు తన విలువ చూపించేది రాళ్ళూ ముళ్ళూ ఉన్న చోట. నల్లమల అంచుల్లో తుమ్మ ముళ్ళు, రేగు కంపలు గుడ్డ బూటును ఒక్క రోజులో చీల్చేస్తాయి. వీపు మీద పది కిలోల బరువుతో రోజుల తరబడి నడిచేవారికి చీలమండ చుట్టూ గట్టి పట్టు కావాలి. హిమాలయాల్లో రాళ్ళ గుట్టల మీదుగా, కరిగే మంచులోంచి పోయేటప్పుడు తోలుకు సాటి లేదు. పైగా తోలు బూటు కొంత కాలానికి మీ పాదం ఆకారాన్ని తీసుకుంటుంది. ఏ గుడ్డ బూటుకూ ఆ గుణం లేదు. ఏడాదికి రెండు మూడు పెద్ద నడకలైనా ఉంటేనే కొనండి. ఒక్క యాత్ర కోసమైతే అద్దెకు తెచ్చుకోవడమే మంచిది.

తోలును వేళ్ళతో చూడాలి

అట్టపెట్టె మీద “అసలైన తోలు” అని ఉంటే సరిపోదు. పశువు చర్మంలో పై పొర దట్టంగా, గట్టిగా ఉంటుంది. ఆ పొరను చెక్కకుండా ఉంచినదే ఫుల్ గ్రెయిన్ తోలు. నీటిని బాగా ఆపేదీ, ఎక్కువ కాలం నిలిచేదీ అదే. అదే పై పొరను సన్నగా రుద్ది మఖ్మలులా చేస్తే నుబక్. చర్మం లోపలి వైపు నూగును పైకి పెడితే స్వేడ్, అది మెత్తగా ఉంటుంది, తొందరగా తడుస్తుంది. ఇక కింది పొరను చీల్చి తీసి, పైన రంగు, ప్లాస్టిక్ పూత వేసిన రకం ఒకటి ఉంది. కొత్తలో అన్నిటికంటే నున్నగా కనిపించేది అదే. మడత పడే చోట పూత పెచ్చులుగా లేచిపోయేదీ అదే.

దుకాణంలో ఈ పరీక్ష చేయండి. బూటు ముందు భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి తోలులో వేలి చుట్టూ సన్నటి ముడతలు పుట్టి, వేలు తీయగానే మెల్లగా సర్దుకుంటాయి. పూత వేసిన తోలు రెగ్జిన్‌లాగా ఒకే గుంటగా దిగుతుంది. తర్వాత రెండు బూట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. రంధ్రాల గుర్తులు, చిన్న చిన్న తేడాలు ఉంటే భయపడకండి, చర్మం అంటే అలాగే ఉంటుంది. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటేనే అనుమానించాలి. మందం సంగతికి వస్తే, తేలిక నడకలకు 1.6 నుంచి 2 మి.మీ., బరువు మోసే కొండ నడకలకు 2.4 మి.మీ. పైన ఉంటే బాగుంటుంది. పై తోలులో అతుకులు ఎంత తక్కువ ఉంటే అంత మేలు. నీరు దూరేదీ, దారం తెగేదీ అతుకు దగ్గరే.

తోలు విద్య మనకు పరాయిది కాదు. మన ఊళ్ళలో లందల్లో, అంటే తోళ్ళు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్కతో (బెరడుతో), కరక్కాయతో తోళ్ళను ఊనేవారు, అంటే శుద్ధి చేసేవారు. ఈనాడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు ఒకప్పుడు దక్షిణాది తోళ్ళ వ్యాపారానికి ఆధారం. మద్రాసులో 1948లో మొదలైన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థను దేశమంతా తలెత్తి చూసేలా నడిపింది తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. ఇప్పుడు బూట్ల తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో శుద్ధి అయ్యేదే. అది మెత్తగా ఉంటుంది, తడికి తట్టుకుంటుంది. చెక్కతో ఊనిన తోలు మొదట బిరుసుగా ఉండి, వాడేకొద్దీ పాదానికి అచ్చుగా దిగుతుంది.

అడుగు ఎలా అతికిందో అడగండి

ఒకప్పుడు కొండ బూట్ల అడుగున ఇనుప మేకులు కొట్టేవారు. 1935లో ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని పుంటా రాసికా శిఖరం దగ్గర ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. చలికీ మంచుకూ తగని పాదరక్షలు ఆ విషాదానికి ఒక కారణమని వారితో వెళ్ళిన విటాలె బ్రమాని గుర్తించి, రబ్బరుతో లోతైన గాట్లున్న అడుగును తయారుచేయించాడు. 1937లో అది వచ్చింది. దాని బ్రాండు పేరు వైబ్రమ్, అతని పేరులోని అక్షరాలతో కూర్చినదే. 1954లో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ బృందం బూట్లకు ఉన్నవీ ఆ అడుగులే.

మనం తెలుసుకోవలసింది ఆ అడుగు పై భాగానికి ఎలా అతికిందన్నది. కుట్టు వేసిన బూటుకు అంచు చుట్టూ ఒక తోలు పట్టీ ఉండి, దాని మీద దారం కనిపిస్తుంది. అడుగు అరిగితే విప్పి కొత్తది వేయించుకోవచ్చు. బంకతో అతికించినవి తేలిక, మొదటి రోజు నుంచే మెత్తగా వంగుతాయి, కానీ కొత్త అడుగు వేయించడం అందరి చేతా కాదు. కొన్ని బూట్లలో కుట్టు అందానికి మాత్రమే ఉంటుంది. ఇన్‌సోలు (లోపల పాదం కింద ఉండే మెత్త) తీసి చూడండి, అడుగు అంచు కింద చూడండి, దారం నిజంగా ఎక్కడికైనా పోతుందో లేదో తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం అడుగు రబ్బరుకూ పాదానికీ నడుమ ఉండే మధ్య పొర. పాలీయురెథేన్ అనే నురుగు పొర మెత్తగా, హాయిగా ఉంటుంది. కానీ గాలిలోని తేమ దాని బంధాలను మెల్లగా తెంచుతుంది. వేడి, తేమ రెండూ ఉన్న చోట ఇంకా వేగంగా. వాడినా వాడకపోయినా తయారైన నాటి నుంచే ఆ గడియారం నడుస్తుంది. నా బూట్లకు జరిగింది ఇదే. కాబట్టి కొనేటప్పుడు తయారీ తేదీ అడగండి. తగ్గింపు ధరకు వస్తున్నాయని నాలుగేళ్ళుగా గోదాములో ఉన్న జతను కొనకండి. సముద్రతీరంలో ఉండేవారు వీలైతే రబ్బరు లేదా తోలు మధ్య పొర ఉన్నవి చూసుకోవాలి. కాస్త బిరుసుగా ఉన్నా అవి పొడిగా రాలవు.

నీరు దూరని పలుచటి పొరను లోపల కుట్టిన బూట్లు మంచు దారికి మంచివే. మన కొండలకు మాత్రం నేను వాటిని సిఫారసు చేయను. బయటి నీరు రాకపోయినా లోపలి చెమట సరిగా బయటకు పోదు, ఒకసారి పైనుంచి నిండితే ఆరడానికి రెండు రోజులు పడుతుంది. లోపల కూడా తోలే ఉన్న బూటుకు మైనం పట్టిస్తే మన వానలకు సరిపోతుంది.

కొలత: ఇక్కడ తొందరపడకండి

ఎంత ఖరీదైన తోలైనా కొలత కుదరకపోతే శిక్షే. పాదాలు సాయంత్రానికి ఉబ్బుతాయి, అందుకని సాయంత్రమే వెళ్ళండి. నడకలో వేసుకునే మందపాటి సాక్సులు వెంట తీసుకెళ్ళండి. బయలుదేరే ముందు ఇంట్లోనే తెల్ల కాగితం మీద నిలబడి, బరువంతా పాదం మీద ఉంచి, ఇంకొకరి చేత పాదం చుట్టూ గీత గీయించుకోండి. రెండు పాదాలకూ. చాలామందికి ఒకటి కొంచెం పెద్దదిగా ఉంటుంది. కొలత దానికే తీసుకోవాలి. బొటనవేలే పొడవని అనుకోకండి, కొందరికి రెండో వేలు ముందుకు ఉంటుంది. దుకాణంలో ఇన్‌సోలు బయటకు తీసి ఆ కాగితం మీద పెట్టి చూడండి. పక్కల నుంచి పాదం బయటకు పొర్లుతుంటే ఆ బూటు మీది కాదు. నంబరు పెంచితే పొడవు పెరుగుతుంది తప్ప కావలసినంత వెడల్పు రాదు. వేరే అచ్చు (బూటును కుట్టే పాదం ఆకారపు దిమ్మ) మీద చేసిన బూటు వెతకాలి. చిన్నప్పుడు చెప్పులతోనో ఉత్త కాళ్ళతోనో తిరిగిన వారికి ముందు పాదం వెడల్పుగా ఉండటం నేను తరచు చూశాను. సన్నటి అచ్చుల మీద చేసిన బూట్లు అలాంటి వారిని చిటికెన వేలి దగ్గర కొరుకుతాయి.

మన దగ్గర వాడే యూకే నంబర్లలో ఒకదానికీ తర్వాతి దానికీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మి.మీ. యూరప్ నంబర్లలో అది 6.7 మి.మీ. అమెరికాలోని అన్నయ్య చేతో, కూతురి చేతో తెప్పించుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడి మగవారి 9 సుమారుగా మన 8. ఆడవారి నంబర్ల లెక్క మళ్ళీ వేరు. పాదం పొడవు మిల్లీమీటర్లలో చెప్పడమే క్షేమం.

బూటు వేసుకున్నాక ఈ వరుసలో చూడండి.

1. లేసు కట్టకుండా పాదాన్ని ముందుకు తోయండి. మడమ వెనక చూపుడు వేలు పట్టాలి. పట్టకపోతే చిన్నది, రెండు వేళ్ళు పడితే పెద్దది.

2. ఇప్పుడు మడమను వెనక్కి కొట్టి కూర్చోబెట్టి లేసు బిగించండి. వేళ్ళు లోపల స్వేచ్ఛగా కదలాలి.

3. వాలు మీద దిగండి. దుకాణంలో వాలు పలక లేకపోతే మెట్లు దిగండి, లేదా బూటు ముక్కును నేలకు కొట్టండి. వేళ్ళు ముందు గోడకు తగిలితే అక్కడే వదిలేయండి. పది కిలోమీటర్ల దిగుడులో గోళ్ళు నల్లబడేది ఇందుకే.

4. మెట్లు ఎక్కండి. కొత్త బూటులో మడమ అర సెంటీమీటరు లేస్తే పరవాలేదు, తోలు వంగడం నేర్చాక తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ జారితే బొబ్బలు తప్పవు.

5. అరగంట అలాగే తిరగండి. దుకాణంవారు విసుక్కున్నా సరే. ఎక్కడైనా ఎముకకు ఒత్తిడి తగులుతుంటే, “వాడితే సర్దుకుంటుంది” అన్న మాట నమ్మకండి. మడత దగ్గరి బిరుసు సర్దుకుంటుంది, ఎముక మీది ఒత్తిడి సర్దుకోదు.

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఈ పరీక్షలను తమ అనుభూతికే వదిలేయకూడదు. కొనేముందు వైద్యుడికి పాదాలు చూపించి, ప్రతి నడక తర్వాతా వేళ్ళ సందులు చూసుకోవాలి.

కాలికి అలవాటు చేయడం

మొదటి వారం ఇంట్లోనే, రోజుకో గంట. బయటి నేల తాకకపోతే మార్చుకునే అవకాశం కూడా ఉంటుంది. రెండో వారం మెట్లు, వీధి చివరి దాకా నడక. మూడో వారం మూడు నాలుగు కిలోమీటర్లు. తర్వాత వీపు మీద బరువుతో ఒక చిన్న కొండ. మొత్తం మీద నలభై, యాభై కిలోమీటర్లు నడవకుండా కొత్త బూట్లతో హిమాలయాలకు బయలుదేరకండి. నీళ్ళలో నానబెట్టి వేసుకోవడం, పొయ్యి దగ్గర వేడి చేయడం లాంటి అడ్డదారులు తోలును పాడుచేస్తాయి. లేసుల కింద ఉండే నాలుక నడిమికి సరిగా కూర్చునేలా ప్రతిసారీ సర్దండి. మొదటి వారాల్లో పడిన మడత అక్కడే ఉండిపోతుంది.

లేసు కట్టడం కూడా ఒక పనే. చీలమండ వంగే చోట, కంతలు అయిపోయి కొక్కేలు మొదలయ్యే దగ్గర, లేసును ఒకసారి బదులు రెండుసార్లు మెలివేయండి. అక్కడ బిగువు నిలిచిపోతుంది. ఎక్కేటప్పుడు పైభాగం కాస్త వదులుగా, దిగేటప్పుడు బిగుతుగా ఉంచుకోవచ్చు. నూలు సాక్సులు వద్దు, చెమట పీల్చి తడిగా ఉండి చర్మాన్ని రుద్దుతాయి. ఉన్ని కలిసినవి వేసవిలోనూ బాగుంటాయి. కాలిలో ఎక్కడైనా చురుక్కుమంటే వెంటనే ఆగి టేపు అంటించండి. ఇంకో కిలోమీటరు పోయాక చూద్దామనుకుంటే అప్పటికి బొబ్బ తయారవుతుంది. అడవిలో రాత్రి ఉన్నప్పుడు ఉదయం బూట్లు తలకిందులు చేసి దులపకుండా కాలు పెట్టకండి. తేళ్ళకూ జెర్రులకూ ఆ వెచ్చటి చీకటి ఇష్టం.

తిరిగి వచ్చిన రాత్రి

ఎంత అలసిపోయినా ఆ రాత్రి పది నిమిషాలు బూట్లకు ఇవ్వాలి. లేసులు ఊడదీయండి, ఇన్‌సోళ్ళు బయటకు తీయండి, నాలుకను బాగా తెరవండి. బురద ఆరిపోయి ఉంటే బ్రష్‌తో దులపండి. తడిగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వాడవద్దు, తోలులోని నూనెను అవి లాగేస్తాయి. గుర్రపు జీనుల తోలు శుభ్రం చేసే జీను సబ్బు (శాడిల్ సోప్) దొరికితే అదే సరైనది. సముద్రం ఒడ్డున నడిచి వస్తే బయటివైపు మంచినీటితో తుడవడం తప్పనిసరి. ఉప్పు తోలులో గడ్డకట్టి దాన్ని పగలగొడుతుంది. చెమటలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు తడిగుడ్డతో లోపల కూడా తుడవాలి.

తర్వాత పాత వార్తాపత్రికలు నలిపి లోపల కుక్కండి. రెండు గంటలకోసారి మార్చండి. మొదటిసారి తీసిన కాగితం పిండితే నీరు కారేంతగా ఉంటుంది. నీడలో, ఫ్యాను గాలికి, పక్కకు వాల్చి పెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో మేడ మీద పెట్టడం మన ఇళ్ళలో అందరూ చేసే పొరపాటు. తడి తోలుకు వేడి తగిలితే ముడుచుకుపోయి అట్టలా తయారవుతుంది. మళ్ళీ ఎంత నూనె పట్టించినా పాత మెత్తదనం రాదు. కారు వెనక డిక్కీలో వదిలేయడమూ అంతే.

నూనె, మైనం

మా తాతయ్య కిర్రు చెప్పులకు ఆముదం రాసేవారు. గుమ్మం దగ్గర కూర్చుని, అరచేతిలో కొద్దిగా వేసుకుని, వేళ్ళతో కుట్ల వెంట రుద్దేవారు. ఆ చెప్పులకు అది సరైన వైద్యమే. అవి దళసరి తోలు, చెక్కతో ఊనినవి, కుట్టే తప్ప బంక లేనివి. అదే పని బూట్లకు చేస్తే తేడా వస్తుంది. నూనె తోలును అతిగా మెత్తబరుస్తుంది, చీలమండకు పట్టు ఇచ్చే భాగం జావగా వాలిపోతుంది, బంక అతుకులు వదులవుతాయి. కొబ్బరినూనె, వంటనూనెలూ వద్దు. కొన్నాళ్ళకు ముక్కవాసన వేస్తాయి, బొద్దింకలను పిలుస్తాయి.

బూట్లకు కావలసినది తేనెమైనం కలిసిన లేపనం. ఎప్పుడు రాయాలో నీటి చుక్క చెబుతుంది. శుభ్రమైన బూటు మీద ఒక చుక్క వేయండి. తామరాకు మీద చుక్కలా నిలిచి జారిపోతే ఇంకా సమయం ఉంది. ఇంకిపోయి అక్కడ రంగు ముదిరితే రాయాలి. పూర్తిగా ఎండిన తోలుకు కాక, చేతికి కాస్త చల్లగా తగిలే దశలో రాస్తే బాగా పడుతుంది. గుడ్డకు బదులు వేళ్ళతోనే రాయండి. వేళ్ళ వేడికి మైనం కరిగి కుట్లలోకి దిగుతుంది. నాలుక పక్క మడతలు, అడుగు అంచు అతుకు మరిచిపోవద్దు. శనగగింజంత చొప్పున, పలుచగా. రాత్రంతా వదిలి, ఉదయం మెత్తటి గుడ్డతో రుద్దండి. మిగిలిన జిడ్డు తోలు తాగలేదన్నమాట, తుడిచేయండి. నుబక్‌కు మైనం రాస్తే మఖ్మలు పోయి నల్లబడుతుంది, దానికి పొడి బ్రష్, దానికోసమే అమ్మే స్ప్రే వాడాలి.

బూజు పట్టకుండా

వానాకాలంలో తీరప్రాంతాల్లో రెండు వారాలు అలమరలో పెడితే చాలు, తెల్లటి బూజు వస్తుంది. బూట్లను ఇంటి బయటకు తీసుకెళ్ళి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డ తడిపి తుడవండి, ముందుగా నాలుక కింద కనిపించని చోట రాసి రంగు మారదని చూసుకుని. గాలి తగిలే నీడలో రెండు రోజులు ఆరనిచ్చి పలుచగా మైనం పట్టించండి.

ఇక అటక. నా సలహా ఒక్కటే, అక్కడ పెట్టకండి. పైకప్పు వేడి, చీకటి, గాలి లేమి మూడూ అక్కడే ఉంటాయి. ప్లాస్టిక్ సంచి ఆ తేమను లోపల బంధిస్తుంది. కాగితం కుక్కి, నూలు సంచిలో, గాలి ఆడే గూట్లో ఉంచండి. సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. నెలకోసారి బయటకు తీసి అరగంట వేసుకుని నడవండి. నడకకు మధ్య పొర నొక్కుకుని లోపలి తేమను వదులుతుంది, అందుకే తరచు వాడే బూట్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. ప్రయాణానికి నెల ముందు మధ్య పొరను బొటనవేలి గోటితో నొక్కి చూడండి. సన్నటి పగుళ్ళు కనిపించినా, గోరు దిగిన గుంట తిరిగి లేవకపోయినా ఆ బూట్లను కొండకు తీసుకెళ్ళవద్దు.

మరమ్మతు

మా వీధి మలుపులో కూర్చునే పెద్దాయన చేతిలో నా ఎడమ బూటు నాలుక కుట్టు బాగుపడటం ఒకసారి దగ్గర నుంచి చూశాను. దారాన్ని మైనపు ముద్ద మీదుగా మూడుసార్లు లాగాడు. ఆరెతో, అంటే తోలు పొడిచే మొనతో, ఒక్కో పాత కంతనూ వెతికి తెరిచి, దారం రెండు కొసలనూ ఎదురెదురుగా ఒకే కంతలోంచి దాటించి బిగించాడు. “కొత్త కంత పొడిస్తే తోలు అక్కడే చిరుగుతుంది బాబూ” అన్నాడు. ఒక కొస తెగినా రెండోది పట్టుకుని ఉండే కుట్టు అది. ఆ కుట్టు ఇప్పటికీ వదల్లేదు.

కుట్లు, తెగిన కొక్కేలు, మడమ దగ్గర చిరిగిన అస్తరు, ఇవన్నీ అలాంటి చేతులకు ఇవ్వండి. అడుగుకు మేకులు మాత్రం కొట్టనివ్వకండి, మధ్య పొర చీలుతుంది. కొత్త అడుగు వేయించాలంటే గాట్లు పూర్తిగా నున్నబడేదాకా ఆగకూడదు. మడమ వెనక అంచు, బొటనవేలి కింద భాగం చదునైతే సమయం వచ్చినట్టే. ఇంకా నడిస్తే రబ్బరు దాటి మధ్య పొర అరిగి, ఖర్చు పెరుగుతుంది. వేళ్ళు వంగే చోట తోలు అడ్డంగా పగిలి లోపలి అస్తరు కనిపిస్తుంటే మాత్రం ఇక అడుగు మీద డబ్బు పెట్టకండి. లేసులు ఊడదీసి దాచుకోండి, వచ్చే ప్రయాణంలో సంచిలో అదనపు జతగా పనికొస్తాయి.